గడ్డి తినేది గేదె, అరిగించేది సూక్ష్మజీవి

ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలి నుంచి సరిహద్దు దాటగానే ఘాజీపూర్ గేదెల డెయిరీలు వస్తాయి. ఉత్తరాది గేదెలకు ప్రధానమైన ఎండుమేత భూసా, అంటే గోధుమ నూర్చగా మిగిలిన గడ్డి. మన డెల్టా పల్లెల్లో వరిగడ్డికి ఉన్న స్థానమే అక్కడ దానిది. రెండింటిలోనూ సత్తువ గింజలోకి పోయి, మిగిలింది చాలావరకు పీచే. ఆ పీచు నుంచి చిక్కని పాలు తీయడం గేదె ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

పీచులో ముఖ్యమైనది సెల్యులోజ్. అన్నంలోని పిండిపదార్థంలాగే అదీ గ్లూకోజ్ గొలుసే, లంకె మాత్రమే వేరు. పిండిపదార్థంలోని లంకెను మన ఎంజైములు తెంచుతాయి. సెల్యులోజ్ లంకెను తెంచే ఎంజైమును మనిషే కాదు, గేదె శరీరం కూడా తయారుచేసుకోలేదు. అది సూక్ష్మజీవుల దగ్గర ఉంది. ఆవు, గేదె, మేక, గొర్రె వాటికి తమ కడుపులోనే చోటిచ్చాయి.

నాలుగు గదుల కడుపులో అన్నిటికంటే పెద్దది రూమెన్. పెద్ద పశువులో అది వంద లీటర్లకు పైగా పడుతుంది. లోపల సుమారు 39 డిగ్రీల వేడి. ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడి ద్రవం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంటాయి. ఫైబ్రోబాక్టర్, రూమినోకాకస్ జాతులు పీచుకు అతుక్కుని సెల్యులోజ్‌ను విడగొడతాయి. బూజు జాతి జీవులు గట్టి కాడల్లోకి చొచ్చుకుపోయి వాటిని చీలుస్తాయి. ఆక్సిజన్ లేని చోట బూజు బతకదని శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు. బ్రిటన్‌కు చెందిన కాలిన్ ఆర్పిన్ 1975లో ఆ నమ్మకాన్ని తప్పని తేల్చారు.

నెమరు ఈ పనికి తోడ్పడుతుంది. మేతను మళ్లీ నమిలితే ముక్కలు చిన్నవై సూక్ష్మజీవులకు ఎక్కువ చోటు అందుతుంది. నమిలేటప్పుడు ఊరే లాలాజలంలోని బైకార్బనేట్ రూమెన్‌లో పులుపు పెరగకుండా కాస్తుంది. గడ్డి పులిసినప్పుడు ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు పుడతాయి. పశువుకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఇవే ఇస్తాయి. పాలలోని వెన్నకు ఎసిటిక్ ఆమ్లం, పాలలోని చక్కెరకు ప్రొపియోనిక్ ఆమ్లం ముడిసరుకు. చివరికి ఆ సూక్ష్మజీవులే తర్వాతి గదుల్లోకి కొట్టుకుపోయి, జీర్ణమై, పశువుకు మాంసకృత్తులవుతాయి. ఎండుగడ్డిలో నత్రజని తక్కువ కాబట్టి, పచ్చిమేతో తెలగపిండో కలిపితే సూక్ష్మజీవులు వృద్ధి చెంది గడ్డి బాగా అరుగుతుంది.

కాబట్టి పశువుకు మేత వేయడమంటే ముందుగా దాని కడుపులోని సూక్ష్మజీవులకు వేయడం. ఇది మరిస్తే ప్రేమతో పెట్టిందే ప్రాణం మీదికి తెస్తుంది. ఉత్తరాదిలో మొదటి రొట్టె ఆవుకు పెట్టే ఆచారం ఉంది. ఒకటి రెండు రొట్టెలతో ప్రమాదం లేదు. వీధిలోని ఇళ్లన్నీ ఒకే ఆవుకు పెట్టినా, పెళ్లిలో మిగిలిన అన్నం గంపతో కుమ్మరించినా కథ మారుతుంది. పిండిపదార్థం మీద లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా విజృంభిస్తాయి. రూమెన్ పుల్లబడి, పీచును అరిగించేవి చచ్చిపోతాయి. పశువు మేత మానేస్తుంది, నెమరు ఆగిపోతుంది. వెంటనే వైద్యం అందకపోతే చనిపోవచ్చు కూడా.

ప్లాస్టిక్ సంగతి ఇంకా ఘోరం. దాన్ని అక్కడి సూక్ష్మజీవులు అరిగించలేవు. అది రూమెన్‌లో ఉండలు కట్టి, మేతకు చోటు లేకుండా చేస్తుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఇలాంటి ఆవుల బాధను చూసి 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

మేత మార్చాలంటే పది పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. కొత్త మేతకు తగ్గట్టు సూక్ష్మజీవులు మారడానికి ఆ వ్యవధి కావాలి. దాణా ఎంత పెట్టినా గడ్డి తగ్గించకండి. వీధి ఆవుకు పెట్టాలనిపిస్తే రొట్టెల కంటే గడ్డి మేలు. మిగిలిన కూరలను ప్లాస్టిక్ సంచిలో కట్టి వీధిలో పారేయడం మాత్రం ఈరోజే మానేయండి.