పెర్గావ్ ఆనకట్ట వివాదం

పెర్గావ్ ఆనకట్ట వివాదం బ్రిటన్ విదేశీ సహాయ వ్యయంలో జవాబుదారీతనాన్ని చర్చనీయాంశం చేసిన ఘటన. మలేషియాలోని కెలాంతన్ రాష్ట్రంలో నిర్మించిన ఈ జలవిద్యుత్ ఆనకట్టకు బ్రిటన్ 23.4 కోట్ల పౌండ్ల సహాయం మంజూరు చేసింది.

నేపథ్యం

1988లో కుదిరిన ఒక అవగాహన పత్రం సహాయాన్ని ఆయుధాల అమ్మకంతో ముడిపెట్టింది. ఈ పథకం ప్రజాధనానికి తగిన ఫలితమివ్వదని సహాయ శాఖ ఉన్నతాధికారి టిమ్ లాంకెస్టర్ 1991లో లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపినా, విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ నిధులకు ఆమోదం తెలిపాడు. 1993లో జాతీయ ఆడిట్ కార్యాలయ నివేదిక తరువాత వివాదం తీవ్రమైంది.

తీర్పు, పర్యవసానాలు

వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన వ్యాజ్యంపై హైకోర్టు 1994లో తీర్పు చెప్పింది. ఆర్థికంగా నిలదొక్కుకోలేని పథకం 1980 నాటి చట్టం ప్రకారం అభివృద్ధి సహాయం కిందికి రాదనీ, కనుక ఆ నిర్ణయం చట్టవిరుద్ధమనీ పేర్కొంది. అయితే మిగిలిన చెల్లింపులను ప్రభుత్వం ఇతర నిధుల నుండి జరిపింది. అభివృద్ధి సహాయం పేదరికం తగ్గింపుకు తోడ్పడాలని 2002లో వచ్చిన అంతర్జాతీయ అభివృద్ధి చట్టం నిర్దేశించింది.