నడవలో దీపం: ఎంత వెలుగు, ఎక్కడి నుంచి?

ఇల్లు కట్టుకునేటప్పుడు హాలులోని దీపాల గురించి ఎంతో ఆలోచిస్తాం. పడకగదుల నుంచి స్నానాల గదికి దారితీసే నడవను మాత్రం ఎలక్ట్రీషియన్ ఇష్టానికి వదిలేస్తాం. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచిన పెద్దలు నడిచే దారి అదే. గడప తగిలి తూలే ప్రమాదం, తడి నేలపై జారే ప్రమాదం అక్కడే పొంచి ఉంటాయి. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మునుపటిలా నడవడం చాలామందికి సాధ్యపడదు.

పాతకాలపు మండువా లోగిళ్లకు ఈ చిక్కు లేదు. నడుమ తెరచి ఉన్న భాగం నుంచి పగలంతా వెలుతురు వచ్చేది. రాత్రికి గోడగూటిలో దీపం ఉండేది. నేటి అపార్ట్‌మెంట్లలో నడవకు ఇరువైపులా గదులే. కిటికీ లేనిచోట మధ్యాహ్నం కూడా చీకటే.

2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. బల్బు మారినా మన లెక్క ఇంకా వాట్లలోనే ఉంది. వాట్ అనేది ఖర్చయ్యే విద్యుత్తుకు కొలత. వెలుగుకు కొలత ల్యూమెన్. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చే సుమారు 800 ల్యూమెన్ల వెలుగును 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. నాలుగడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు ఉన్న నడవకు అంత వెలుగు చాలు. అయితే దాన్ని మధ్యలో ఒకేచోట పెడితే రెండు కొసలూ మసకబారతాయి, దీపం దాటి నడిచేవారి నీడ వారి అడుగుల ముందే పడుతుంది. ఒక పెద్ద బల్బు కంటే దూరం దూరంగా రెండు చిన్నవి మేలు.

అరవై దాటినవారి కంటిపాప అంతగా విచ్చుకోదు, లోపలి కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ల వయసులో రెటీనాను చేరే వెలుగులో సుమారు మూడో వంతే అప్పుడు చేరుతుంది. కాబట్టి వారికి ఎక్కువ వెలుగు కావాలి, కానీ కళ్లలో పొడిచేది కాదు. చీకటికి అలవాటుపడిన కంటిపై 6500 కెల్విన్ల తెల్లని వెలుగు ఒక్కసారిగా పడితే కళ్లు చెదురుతాయి. ఆర్పాక చూపు మళ్లీ చీకటికి పూర్తిగా కుదురుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. నీలి ఛాయ ఎక్కువగా ఉన్న వెలుగు నిద్రనూ చెడగొడుతుంది. నడవకు 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు ఛాయే తగినది.

సాయంత్రం వేళకు పైకప్పు దీపాలు సరే, అర్ధరాత్రికి వేరే దీపం కావాలి. నేలకు అడుగు ఎత్తున గోడలో అమర్చే ఫుట్‌లైట్ వెలుగు ఏటవాలుగా పడి గడప అంచును, నేలమీది తడిని స్పష్టంగా చూపుతుంది. అర వాటు దీపం రోజుకు ఎనిమిది గంటలు వెలిగినా నెలకు యూనిట్‌లో ఎనిమిదో వంతు కూడా కాదు. ఇంతటి దానికి పొదుపు చూసుకోవడం అనవసరం.

పైదీపాలకు నడవ రెండు కొసల్లోనూ టూవే స్విచ్ ఉండాలి. గోడలకు పూత వేయకముందే వైరింగ్‌లో ఈ ఏర్పాటు చేయించుకోవడం సులువు. అద్దె ఇళ్లలో గోడలు తవ్వలేనివారికి సెన్సార్ దీపాలు ఉన్నాయి. మనిషి ఒంటి వేడిమి నుంచి వెలువడే పరారుణ కిరణాల కదలికను పసిగట్టి అవి వెలుగుతాయి. చార్జింగ్ రకమైతే కరెంటు పోయినప్పుడూ పనిచేస్తాయి. కొనేముందు వెలిగి ఉండే సమయాన్ని పెంచుకునే వీలుందో లేదో అడగాలి. మా ఇంట్లో మొదట పెట్టినది ఇరవై సెకన్లకే ఆరిపోయేది. చేతికర్రతో నడిచే అమ్మ అప్పటికి సగం దారిలోనే ఉండేది. వారం తిరక్కుండానే దాన్ని మార్చాం.