కారుకు మెరుగు పెట్టేముందు

ఎండలో బానెట్ మీద సాలెగూడులాంటి సన్నగీతలు కనబడగానే మెరుగుపెట్టే యంత్రం కొనాలనిపిస్తుంది. కొనండి. అయితే పాలిషింగంటే గీతను పూడ్చడం కాదు, గీత చుట్టూ ఉన్న పూతను అరగదీయడం. కంసాలి నగకు మెరుగు పెడితే బంగారం కాస్త తరగదూ? ఇదీ అంతే. రంగుమీది క్లియర్ కోట్ మామూలుగా 50 మైక్రాన్లకు అటూ ఇటూ. తలవెంట్రుక మందం కూడా ఉండదు. అరిగింది మళ్లీ రాదు.

రోటరీ యంత్రం ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. పని చురుకే, వేడీ ఎక్కువే. అది చేయి తిరిగినవాడికి. డ్యూయల్ యాక్షన్ యంత్రం తిరుగుతూనే చిన్న సున్నాలు చుడుతుంది కనుక వేడి ఒకచోట నిలవదు. గట్టిగా అదిమితే చాలావాటిలో ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది. అలిగిందనుకోకండి, పూతకు అదే రక్ష! ఇంట్లో చేసుకునేవారికి ఇదే మేలు.

ఇక ప్యాడ్. బానెట్, పైకప్పులాంటి చదునుచోట్ల 6 అంగుళాలది సరే. తలుపులకు 5 అంగుళాలది చాలు. బంపరు వంపుల్లో, అద్దాల చుట్టూ 3 అంగుళాలదే దూరుతుంది. ప్యాడ్ అంటించే పళ్లెం దానికన్నా కాస్త చిన్నదిగా ఉండాలి సుమా. లేకపోతే పళ్లెం అంచు తగిలి కొత్తగీత పడుతుంది.

మొదట మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో జానెడు చోట చేసి చూడండి. తలుపుల అంచుల దగ్గర పూత మరీ పలుచన. అక్కడ టేపు అంటించాకే యంత్రం ఆన్ చేయండి.