పసిపిల్లలతో ఓడ ప్రయాణం: ఏ నౌకను ఎంచుకోవాలి?



ఓడ ప్రయాణమంటే మన పెద్దవాళ్ళకు రంగం ప్రయాణమే గుర్తుకు వచ్చేది. గోపాలపూర్ రేవులోనో, కాకినాడలోనో, విశాఖలోనో స్టీమరెక్కి పొట్టచేత పట్టుకొని బర్మాకు వెళ్ళిన కుటుంబాలు గంజాం జిల్లా తెలుగువారిలోనూ ఉన్నాయి. ఇప్పుడు ఓడ ఎక్కడం సరదా కోసం. చెన్నైలోనో బెంగుళూరులోనో విమానమెక్కి సింగపూర్‌లో దిగి, అక్కడి నుంచి మూడు నాలుగు రాత్రులు విహార నౌకలో గడిపి వచ్చే కుటుంబాలు హోసూరు, బళ్ళారి వంటి ఊళ్ళలోనూ కనబడుతున్నాయి. అమెరికాలో ఉన్న కొడుకూ కోడలూ ఫ్లోరిడా నుంచి ఓడలో వెళదామని తాతా అమ్మమ్మలను పిలవడమూ జరుగుతోంది. ఇంట్లో రెండు మూడేళ్ళ పిల్లలుంటే ఏ సంస్థ ఓడను ఎంచుకోవాలన్నదే ఈ ప్రసంగ విషయం.

ప్రతి సంస్థ ప్రకటనలోనూ పిల్లలకు ప్రత్యేక కార్యక్రమాలున్నాయనే రాస్తారు. పెద్ద ఓడల్లో చాలావరకు అది నిజమే. అయితే వారు ఏ వయసు పిల్లల గురించి చెబుతున్నారో చూసుకోవాలి. ఓడల మీద పిల్లల క్లబ్బు తలుపు సాధారణంగా మూడేళ్ళకు తెరుచుకుంటుంది. మూడేళ్ళు నిండడంతోపాటు, మూత్రానికీ దొడ్డికీ తానే చెప్పి వెళ్ళే అలవాటు కూడా బిడ్డకు అయి ఉండాలి. డైపర్‌తో ఉన్న బిడ్డను చాలా క్లబ్బుల్లో చేర్చుకోరు. లక్షల రూపాయలు కట్టి ఓడెక్కిన తరువాత రెండున్నరేళ్ళ పిల్లవాడిని గుమ్మం దగ్గరే వెనక్కు పంపిస్తే, ఆ నాలుగు రోజులూ తల్లీ తండ్రీ వంతులు వేసుకొని కేబిన్‌లో కూర్చోవలసిందే. కనుక ఓడ ఎంత పెద్దది, జారుడుబల్లలు ఎన్ని అన్నది తరువాతి మాట. ప్రయాణం మొదలయ్యే రోజుకు మీ బిడ్డకు ఎన్ని ఏళ్ళు, ఎన్ని నెలలు? ముందు ఆ లెక్క వేసుకోండి.

సంస్థకూ సంస్థకూ తేడా ఈ వయసు దగ్గరే కనిపిస్తుంది. 1998లో తొలి ఓడను నడిపిన డిస్నీ సంస్థ ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పసివారికి నర్సరీ నడుపుతోంది. దానికి గంటల లెక్కన డబ్బు కట్టాలి, ముందుగానే వేళ ఖాయం చేసుకోవాలి. మూడేళ్ళు దాటితే క్లబ్బు ఉచితం. మిక్కీ ఎలుక, రాకుమార్తెలు వచ్చి పిల్లలతో ఆడతారు. క్లబ్బు గుమ్మంలో పిల్లల చేతులు కడగడానికి యంత్రాలు పెట్టారు. చేయి దూర్చగానే నీళ్ళు చిమ్మి శుభ్రం చేస్తాయి. లోపలి ఆటలకంటే ఆ యంత్రమే కొందరు పిల్లలకు ఎక్కువ నచ్చితే ఆశ్చర్యం లేదు! టిక్కెట్టు ధర మాత్రం తక్కిన వాటికంటే బాగా ఎక్కువ.

రాయల్ కరీబియన్ సంస్థలోనూ మూడేళ్ళు నిండినవారికి క్లబ్బు ఉచితం, అంతకంటే చిన్నవారికి రుసుముతో నర్సరీ. అయితే నర్సరీ ఆ సంస్థ ఓడలన్నింటిలోనూ లేదు. సంస్థ పేరు చూసి సరిపెట్టుకోకుండా ఓడ పేరు చెప్పి అడగాలి. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఆ సంస్థ ఐకాన్ ఆఫ్ ది సీస్ నౌక నిండా ఎక్కితే ప్రయాణికులే 7,600 మంది, అంటే ఒక పెద్ద గ్రామమంత జనం. అందులో ఆరేళ్ళ లోపు పిల్లలున్న కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఒక పేటనే కట్టారు. పిల్లల నీటి ఆటలు, తినుబండారాల అంగడి, పెద్దలు కూర్చునే చోటు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. పసిపిల్లలతో రోజంతా తిరిగేవారికి ఆ దగ్గరితనమే పెద్ద సౌకర్యం.

రెండేళ్ళు నిండి, ఇంకా డైపర్ మానని పిల్లలున్నవారు కార్నివాల్ సంస్థను గుర్తుంచుకోవాలి. అక్కడి క్లబ్బు రెండేళ్ళ నుంచే చేర్చుకుంటుంది, డైపర్ కూడా మారుస్తారు. పగలు ఉచితం, రాత్రి పది దాటితే రుసుము. ధర తక్కువని కొందరు ఆ సంస్థను చిన్నచూపు చూస్తారు గాని, రెండేళ్ళ బిడ్డ తల్లికి అంతకంటే అక్కరకు వచ్చేది అమెరికా రేవుల్లో అంత సులభంగా దొరకదు. ఇంగ్లండులో స్థిరపడిన బంధువులతో వెళ్ళేవారికి సౌతాంప్టన్ నుంచి నడిచే పీ అండ్ ఓ సంస్థ ఉంది. ఆ సంస్థ కుటుంబ నౌకల్లో ఆరు నెలల నుంచి నాలుగేళ్ళ వరకు పిల్లలను రాత్రిపూట ఉచితంగా నిద్రపుచ్చే గది ఉంటుంది. అదే సంస్థలో పిల్లలను అసలు ఎక్కించుకోని ఓడలూ ఉన్నాయి. వర్జిన్, వైకింగ్ సంస్థల్లోనయితే 18 ఏళ్ళలోపు వారికి చోటే లేదు.

ఆరు నెలలు నిండని శిశువును చాలా సంస్థలు ఎక్కించుకోవు. మహాసముద్రం దాటే ప్రయాణాలకు ఏడాది నిండాలంటారు. నడిసముద్రంలో ఓడ డాక్టరు చేయగలిగింది కొంతవరకే కదా.

ఇక ఈతకొలను సంగతి. డైపర్ కట్టిన బిడ్డను, ఈతకు వాడే ప్రత్యేక డైపర్ కట్టినా సరే, కొలనులోకి దించనివ్వరు. అమెరికా రేవులకు వెళ్ళే ఓడలకు అక్కడి ప్రజారోగ్య శాఖ పెట్టిన నియమమది. అలాంటి పసివారికి నీళ్ళు చిమ్మే చిన్న ఆటస్థలం విడిగా ఉందేమో కనుక్కోండి. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: కొలను దగ్గర లైఫ్‌గార్డు ఉంటాడా? ఓడల్లో చాలాకాలం ఆ ఏర్పాటే ఉండేది కాదు. పసిపిల్లలు మునిగిన దుర్ఘటనలు జరిగాక డిస్నీ 2013లోనూ, రాయల్ కరీబియన్, నార్వేజియన్ సంస్థలు 2017లోనూ లైఫ్‌గార్డులను పెట్టడం మొదలుపెట్టాయి. తక్కిన సంస్థలను అడిగే తెలుసుకోవాలి. లైఫ్‌గార్డు ఉన్నా సరే, పక్కన మూడు వందల మంది పెద్దలున్నా సరే, బిడ్డ చేయి చాచితే అందేంత దూరంలో ఇంటివారొకరు ఉండాలి. తాత చూస్తున్నాడని తండ్రి, తండ్రి చూస్తున్నాడని తాత అనుకునే క్షణంలోనే ప్రమాదం జరుగుతుంది. చూసే వంతు ఎవరిదో నోటితో చెప్పి ఒప్పగించుకోవాలి. బాల్కనీ ఉన్న కేబిన్ తీసుకుంటే, కటకటాల దగ్గర కుర్చీ గాని బల్ల గాని ఉంచకండి.

మన పిల్లల విషయంలో భాష సంగతి కూడా ఉంది. సరిహద్దు జిల్లాల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒరియానో మాట్లాడి పెరుగుతారు. కొత్త మాటలకు జంకరు. అయినా క్లబ్బులో చూసుకునే అమ్మాయి ఫిలిప్పీన్స్ నుంచో దక్షిణాఫ్రికా నుంచో వచ్చి ఉండవచ్చు. ఆమెకు ఇంగ్లీషు తప్ప మరొకటి అర్థం కాదు. దాహం, ఒంటికి, కడుపునొప్పి, అమ్మ కావాలి అనే నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పడం నెల ముందు నుంచే అలవాటు చేయించండి. మీరు బిడ్డతో వాడే ముద్దు మాటలను, వాటి అర్థాలను ఒక కాగితం మీద రాసి ఆమెకు ఇవ్వండి. వేరుశనగ, పాలు, గుడ్డు పడని బిడ్డయితే టిక్కెట్టు కొనేటప్పుడే తెలియజేసి, క్లబ్బులో చేర్చేటప్పుడు మళ్ళీ చెప్పాలి. పెద్ద ఓడల్లో శాకాహారం దొరుకుతుంది. మెత్తగా కలిపిన పెరుగన్నానికి మాత్రం ముందురోజే వడ్డించేవారితో చెప్పి ఉంచడం మంచిది.

మనకు దగ్గరి దారుల మాట. కార్డీలియా సంస్థ 2021 సెప్టెంబరులో ముంబై నుంచి ఓడ నడపడం మొదలుపెట్టింది, 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకూ నడిపింది. ఆ ఓడ ఎంప్రెస్ 1990లో కట్టినది. పిల్లలకు ఆటల చోటుంది గాని, ఐకాన్ వంటి ఓడలతో పోల్చి ఆశ పెట్టుకోకూడదు. మొదటిసారి వెళ్ళేవారు, బిడ్డకు సముద్రం పడుతుందో లేదో తెలియనివారు రెండు మూడు రాత్రుల ఇలాంటి ప్రయాణంతో మొదలుపెడితే డబ్బూ తక్కువే, వీసా గొడవా ఉండదు. సింగపూర్ నుంచయితే రాయల్ కరీబియన్ ఓడలు కొన్ని సీజన్లలో నడుస్తాయి. డిస్నీ కూడా అక్కడి నుంచి ఒక నౌకను ప్రకటించి, తొలి ప్రయాణాన్ని 2025 డిసెంబరు నుంచి 2026 మార్చికి మార్చింది. సింగపూర్‌లో ఓడెక్కేవారు మళ్ళీ అక్కడే దిగి దేశంలో ప్రవేశించాలి గనుక, వీసా ఒక్క ప్రవేశానికే పరిమితమా కాదా అన్నది చూసుకోవాలి. చంటిబిడ్డకైనా పాస్‌పోర్టు విడిగా కావాలి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకే చెల్లుతుంది.

కేబిన్ ఓడ నడుమ, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువగా తెలుస్తుంది. కడుపులో తిప్పకుండా పెద్దలు వేసుకునే మాత్రలను పసివారికి విరిచి వేయకండి. బయలుదేరే ముందే మీ పిల్లల డాక్టరును అడిగి, ఆయన రాసిచ్చిన మందునే వెంట తీసుకువెళ్ళండి. జ్వరం గాని, విరేచనాలు గాని ఉన్న బిడ్డను క్లబ్బులో రానివ్వరు.