జలుబుకూ యాంటీబయాటిక్ రాశారా? డాక్టర్‌ను ఈ మూడూ అడగండి

వానలు మొదలైతే మేడ్చల్, శామీర్‌పేటల్లోని ఓపీల ముందు జ్వరం, దగ్గు, జలుబుతో వచ్చేవారి వరుస పెరుగుతుంది. రోగికి రేపటికల్లా తగ్గాలి, పనికి వెళ్లాలి. డాక్టర్‌కు ఒక్కొక్కరితో మాట్లాడే సమయం తక్కువ. ఆ తొందరలోనే అవసరం లేని యాంటీబయాటిక్ చీటీలోకి చేరుతుంది.

నష్టం ఏంటి?

యాంటీబయాటిక్ బ్యాక్టీరియాపైనే పనిచేస్తుంది. జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్‌లతో వస్తాయి కాబట్టి వాటికి ఉపయోగం లేదు. పైగా మందును తట్టుకున్న బ్యాక్టీరియా ఒంట్లో మిగిలి పెరుగుతుంది. రేపు న్యుమోనియానో, మూత్రనాళ ఇన్‌ఫెక్షనో వస్తే మాత్రతో తగ్గాల్సింది ఆస్పత్రిలో చేరేదాకా వెళ్లొచ్చు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

అన్నీ ఒకటేనా?

కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని ‘యాక్సెస్’, ‘వాచ్’, ‘రిజర్వ్’గా విభజించింది. అమాక్సిసిలిన్ యాక్సెస్‌లో ఉంది. మనకు బాగా తెలిసిన అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ మాత్రం ఆచితూచి వాడాల్సిన ‘వాచ్’లో ఉన్నాయి. 2030 నాటికి వాడకంలో కనీసం 70 శాతం యాక్సెస్ మందులే ఉండాలన్నది 2024లో ఐక్యరాజ్యసమితిలో దేశాలు పెట్టుకున్న లక్ష్యం.

డాక్టర్లు ఏం చేయాలి?

యాంటీబయాటిక్ రాస్తే కారణం కూడా చీటీలో రాయాలని 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ వైద్య కళాశాలల డాక్టర్లను కోరింది. నెలలో ఎన్ని చీటీల్లో ఏ యాంటీబయాటిక్ రాశారో లెక్క తీసి ఆ డాక్టర్‌కే చూపడం మరో మార్గం.

మెడికల్ షాపుల సంగతి?

చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం, సెఫిక్సిమ్ లాంటివి అమ్మితే డాక్టర్, రోగి పేర్లు, మందు పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి.

మీరు ఏం అడగాలి?

- ఇది వైరస్ జ్వరమా, బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షనా?
- యాంటీబయాటిక్ ఎందుకు, ఎన్ని రోజులు?
- ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే మళ్లీ రావాలి?

అవసరమని రాసిన మందును చెప్పినట్టే వాడండి. పాత చీటీతో కొనొద్దు, మిగిలిన మాత్రలు ఇతరులకు ఇవ్వొద్దు. టీకాలూ మరవొద్దు. శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ టీకా లాంటివి జబ్బునే అడ్డుకుంటాయి. జబ్బు రాకపోతే యాంటీబయాటిక్ అవసరమే రాదు.