నడుము మీద కిలో బరువు: పిస్టల్ ఒర చెప్పే భౌతికశాస్త్రం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారానికి కాపలా కాసేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. పక్కనే భిలాయి-3, చరోదా ప్రాంతంలో పెద్ద రైల్వే మార్షలింగ్ యార్డు ఉంది. అక్కడ రైల్వే ఆస్తుల రక్షణ ఆర్‌పీఎఫ్ పని. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో కంకర మీద నడవడం, వంతెన మెట్లెక్కడం, జీపులో కూర్చోవడం, మళ్లీ దిగడం... ఇలాంటి డ్యూటీలో పిస్టల్‌ను బయటకు తీయాల్సిన అవసరం నెలల తరబడి రాకపోవచ్చు. కానీ ఎనిమిది గంటలూ అది నడుము మీదే ఉంటుంది. అందుకే పిస్టల్ ఒర, అంటే హోల్‌స్టర్, ముందుగా ఒక బరువు మోసే పరికరం.

మన భద్రతా దళాల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న 9 ఎంఎం 1ఏ పిస్టల్‌ను పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేస్తుంది. బ్రౌనింగ్ హై-పవర్ నమూనా ఆధారంగా రూపొందిన దీని మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి. నిండు మ్యాగజైన్‌తో బరువు కిలోకు అటూఇటూగా ఉంటుంది. కిలోయే కదా అనిపిస్తుంది. చిక్కు బరువులో లేదు, అది వేలాడే చోటులో ఉంది.

కిలో బరువు అంటే దాదాపు 10 న్యూటన్ల బలం. పిస్టల్ గరిమనాభి బెల్టు నుంచి సుమారు 3 సెంటీమీటర్లు బయటికి ఉందనుకుందాం. అప్పుడు ఒర బయటికి ఒరిగిపోవాలని చూస్తుంది. బెల్టు పై అంచు దాన్ని లోపలికి లాగి పట్టుకుంటే, కింది అంచు శరీరంలోకి నొక్కుతుంది. బెల్టు వెడల్పు 3 సెంటీమీటర్లయితే ఆ నొక్కుడు సుమారు 10 న్యూటన్లు. 5 సెంటీమీటర్లయితే 6 న్యూటన్లు. ఒర వెనుక పలక 10 సెంటీమీటర్ల కిందికి దిగితే 3 న్యూటన్లే. మామూలు ప్యాంటు బెల్టుకు ఖరీదైన ఒర తగిలించుకున్నా సుఖం దక్కకపోవడానికి కారణం ఇదే. ముందు కొనాల్సింది వెడల్పైన, మెలితిరగని గట్టి బెల్టు.

ఇప్పుడు పీడనం సంగతి. పది న్యూటన్ల బలం ఒక సన్నటి అంచు ద్వారా 5 చదరపు సెంటీమీటర్ల చర్మం మీద పడితే పీడనం దాదాపు 150 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. అదే బలం 50 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటే 15 మిల్లీమీటర్లు. చర్మంలోని అతిసన్నని రక్తనాళాల్లో పీడనం సుమారు 30 మిల్లీమీటర్లు. అంతకన్నా ఎక్కువ ఒత్తిడి గంటల తరబడి కొనసాగితే ఆ చోట రక్తప్రసారం తగ్గుతుంది. ఇది స్థూలమైన లెక్కే. అయినా షిఫ్టు ముగిశాక తుంటి మీద కనిపించే ఎర్రటి గీత ఎందుకు పడుతుందో చెబుతుంది. తుంటి ఎముక ముందు మొన పక్కనుంచి తొడ చర్మానికి వెళ్లే ఒక నరం ఉంది. బిగుతు బెల్టు దాన్ని నొక్కితే తొడ బయటి వైపు తిమ్మిరి, మంట వస్తాయి. డ్యూటీ బెల్టులు కట్టే పోలీసులలో వైద్యులు దీన్ని గుర్తించారు. ఒరను ఆ మొనకు దూరంగా, తుంటి పక్క భాగానికి జరపడం మేలు. నడుము వెనుక మధ్యలో మాత్రం వద్దు. వెల్లకిలా పడితే వెన్నెముకకూ నేలకూ మధ్య ఇనుప ముక్క ఉన్నట్టే.

తొడకు కట్టుకునే ఒర కూర్చునేటప్పుడు హాయిగా ఉంటుంది. కానీ ప్రతి అడుగుతోనూ ఆ బరువును ముందుకీ వెనక్కీ ఊపాలి. పాదాలకు కట్టిన బరువు మోయడానికి అదే బరువును మొండెం మీద మోసేదానికంటే నాలుగైదు రెట్ల శక్తి ఖర్చవుతుందని ప్రయోగాలు చూపాయి. తొడ ఆ రెండింటి మధ్య ఉంటుంది. ఎక్కువగా జీపులో తిరిగేవారికి ఇది సరిపోవచ్చు, యార్డు చుట్టూ నడిచేవారికి భారం. మహిళా సిబ్బంది ఇబ్బంది వేరు. తుంటి వెడల్పుగా, మొండెం పొట్టిగా ఉంటే మామూలు ఒరలోని పిస్టల్ పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. పిస్టల్‌ను కాస్త కిందికి, బయటికి జరిపి పట్టే ఒర వారికి నప్పుతుంది. పురుషుల కొలతలతో కుట్టిన సామగ్రినే అందరికీ పంచడం అన్యాయమే.

తోలు ఒర ఒంటికి ఒదుగుతుంది. అయితే చెమటను పీల్చుకుంటుంది. చెమటలోని ఉప్పు ఉక్కును తుప్పు పట్టిస్తుంది, తోలు పదును చేసిన రసాయనాలు ఇత్తడి తూటాలకు చిలుము పట్టిస్తాయి. డ్యూటీ అయ్యాక పిస్టల్‌ను తోలు ఒరలోనే ఉంచి భద్రపరచకూడదనేది అందుకే. కైడెక్స్ వంటి ప్లాస్టిక్ తడిని పీల్చదు, కానీ వేడికి మెత్తబడే రకం. ఎండలో మూసి ఉంచిన వాహనంలో వదిలేస్తే ఆకారం మారవచ్చు. పైగా ఉక్కు ఊళ్లో దుమ్ముకు కొదవలేదు. ఖనిజపు ధూళి లోపల చేరితే గట్టి ప్లాస్టిక్ గోడ గరుకు కాగితంలా పిస్టల్‌ను గీకుతుంది. వారానికోసారి తుడవాల్సిందే.

ఇంత లెక్క సుఖం కోసమేనా? నొప్పిపెట్టే ఒరను మనిషి ఊరికే ఉండనివ్వడు. జరుపుతాడు, బెల్టు వదులు చేస్తాడు, కుర్చీలో కూర్చోగానే తీసి బల్ల మీద పెడతాడు. పిస్టల్ మీద చెయ్యి పడిన ప్రతిసారీ ప్రమాదానికి ఒక అవకాశం. ఎంత హాయిగా ఉన్నా ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పని ఒర పనికిరాదు. మెత్తటి గుడ్డ ఒరల మూతి ముడుచుకుపోయి, పిస్టల్ దించేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్‌కు అడ్డం పడవచ్చు. లైసెన్సు ఉన్న సామాన్యుల విషయంలో 2016 నాటి ఆయుధ నిబంధనలు కూడా, బహిరంగ స్థలంలో చేతి తుపాకీని దానికోసం చేసిన ఒరలో, పూర్తిగా కప్పి, తమ అదుపులో ఉంచుకోవాలనే చెబుతున్నాయి.

ఎంచుకునే ముందు తూటాలన్నీ తీసేసి, ఛాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, ఒర కట్టుకుని గంటసేపు తిరగాలి. చేతులున్న కుర్చీలో కూర్చోవాలి, బూటు లేసు కట్టుకోవాలి, మెట్లు దిగాలి, నాలుగడుగులు పరుగెత్తాలి. ఆ గంటలో చెయ్యి తనంతట తానే బెల్టు సర్దడానికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కపెట్టుకోవాలి.