మండౌ ఖడ్గము – నామరూప విచారము

బోర్నియో ద్వీపమునందు నివసించు పెక్కు జాతులకు డయాక్ అనునది సాముదాయిక నామము. వారి సంప్రదాయ ఖడ్గములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మండౌ. ఇట్టి ఖడ్గమునే కయాన్ జాతివారు మలత్ అనియు, ఇబాన్ జాతివారు పరంగ్ ఇలంగ్ అనియు వ్యవహరింతురు. వస్తుస్వరూపము నెఱుగక నామమును మాత్రమే విచారించుట భ్రాంతికి హేతువగును. కావున ముందు రూపమును, పిదప నామమును, తుదకు ప్రయోజనమును పరిశీలించుట యుక్తము.

ఖడ్గాదుల పిడికి త్సరువని అమరకోశము చెప్పుచున్నది. మండౌ యొక్క త్సరువు జింక కొమ్ముతో గాని కొయ్యతో గాని చెక్కబడును. అలుగు ఏకధారము, పిడియొద్ద సన్నమై కొనవైపునకు వెడల్పగును. అయితే దీని అసలు విశేషము అలుగు పార్శ్వములందున్నది. ప్రాచీన పద్ధతిని చేసిన మండౌలో ఒక పార్శ్వము కొంచెము ఉబ్బుగాను, రెండవది చదునుగా గాని కొంచెము గుల్లగా గాని యుండును. అందుచే కుడిచేతివానికై చేసినది ఎడమచేతివానికి అనుకూలింపదు. వానికి వ్యత్యస్తముగా వేఱొకటి చేయవలసినదే. ఒర రెండు కొయ్యపలకలను జతపఱచి పేముతో బంధించినది. దానికి చేర్చిన చిన్న తిత్తిలో పొడవైన పిడిగల చిన్న కత్తి యొకటి యుండును. పేము చీల్చుటకును, చెక్కడపు పనికిని అది ఉపకరించును. మధ్య కాలిమంతాన్‌లోని మాంతికై ప్రాంతపు ఇనుమును ఙాజు జాతివారు ఉత్తమముగా నెన్నుదురు.

ఇక నామవిచారము. తూర్పు కాలిమంతాన్‌లోని మువారా కమాన్ ప్రాంతమున లభించిన ఏడు యూపశాసనములు సంస్కృతభాషలో నున్నవి. లిపినిబట్టి అవి సుమారు క్రీ.శ. 400 నాటివని పండితుల నిర్ణయము. మూలవర్మ యను రాజు బ్రాహ్మణులకొసగిన దానములను అవి కీర్తించుచున్నవి. సంస్కృతము అంత పూర్వమే ఆ ద్వీపమును చేరినది గనుక, భూషణార్థకమగు మడి ధాతువునుండి మండౌ శబ్దము పుట్టినదనియు, ఆ ఖడ్గము అలంకృతమగుటచే అర్థసంగతియు కుదిరినదనియు ఒకరికి తోపవచ్చును.

ఈ పక్షము నిలువదు. ధ్వనిసామ్యము తప్ప దీనికి వేఱు సాక్ష్యము లేదు. చదువబడిన శాసనపాఠములలో ఆ శబ్దము కానరాదు. పొరుగు జాతులు అట్టి ఖడ్గమునకే మలత్, ఇలంగ్ వంటి భిన్ననామములను వాడుచుండుటయు గమనింపదగినది. అంతకంటె ముఖ్యముగా, ఆ శాసనములే ఒక పాఠమును నేర్పుచున్నవి. మూలవర్మయు, అతని తండ్రి అశ్వవర్మయు సంస్కృతనామధేయులు. పితామహుడైన కుండుంగుని పేరు మాత్రము దేశ్యమని పెక్కుమంది పండితుల మతము. సంస్కృతశ్లోకమును రచించిన ఆ కవి దేశ్యనామమును మార్పక నిలిపినాడు. ఆ నిగ్రహము వ్యుత్పత్తి చెప్పువారికిని వలయును.

ప్రయోజనవిషయమునను ఇట్టి తొందరపాటే కలదు. మండౌ అనగానే శిరోహరణము స్ఫురించుట పరిపాటి. ఆ ఆచారమునకు ఈ ఖడ్గముతో సంబంధముండిన మాట సత్యమే. అయినను 1894లో, డచ్చివారి పాలనాకాలమున, కహయాన్ నది ఎగువనున్న తుంబంగ్ అనోయి గ్రామమున దమంగ్ బాతు ఆతిథ్యమున డయాక్ జాతుల మహాసభ జరిగినది. అందు శిరోహరణమును, జాతివైరములను విడనాడ నిశ్చయించిరి. ఖడ్గమునకు అదియొక్కటే ప్రయోజనమైనచో ఆచారముతోపాటు ఖడ్గమును నశింపవలసినది. అట్లు జరుగలేదు. నేటికిని మండౌ నృత్యములందును, ఉత్సవవేషమునందును, కుటుంబ వారసత్వముగాను నిలిచియున్నది. మోటారు బండ్ల స్ప్రింగు బద్దలతో నేడు దీనిని చేయు కమ్మరులును కలరు.

కావున మండౌ డయాక్ కమ్మరుల స్వతంత్ర శిల్పము. సంస్కృతము ఆ ద్వీపమును చేరిన మాట యథార్థము. దానినిబట్టి అక్కడి సమస్తమును సంస్కృతజన్యమనుట సంస్కృతమునకు గౌరవము కాదు.